శరీర వ్యవస్థల మీద సైన్స్ ప్రాజెక్ట్: శాస్త్రవేత్త ఫొటో కాదు, ఆయన చేసిన ప్రయోగం పెట్టండి

సైన్స్ ఫెయిర్‌లో మానవ శరీరం మీద ప్రాజెక్ట్ అంటే ఎక్కువగా రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి థర్మోకోల్ మీద చెక్కి రంగులు వేసిన గుండో మూత్రపిండమో. రెండోది శాస్త్రవేత్తల ఫొటోలు వరసగా అతికించి, కింద పుట్టిన తేదీ, పోయిన తేదీ, కనిపెట్టిన విషయం రాసిన చార్టు. రెండింటి వెనకా పిల్లల కష్టం ఉంటుంది, ఇంట్లోవాళ్ల డబ్బూ ఉంటుంది. కానీ అక్కడ నిలబడ్డ పిల్లల్ని "ఇది నిజమని నీకెలా తెలిసింది?" అని అడిగితే "పుస్తకంలో ఉంది సార్" అన్న జవాబు దాటి ముందుకు పోలేరు.

ఈ రెండు రకాలనూ కలిపేస్తే చాలా మంచి ప్రాజెక్ట్ వస్తుంది. ఒక శరీర వ్యవస్థ, దాని గుట్టు విప్పిన ఒక శాస్త్రవేత్త, ఆయన చేసిన ప్రయోగాన్ని మీ చేతులతో మళ్లీ చేసి రాసుకున్న లెక్కలు. ఇంతే కావాలి. అప్పుడు "ఎలా తెలిసింది?" అన్న ప్రశ్నకు "నేనే చేసి చూశాను" అని చెప్పగలుగుతారు. ఆరో తరగతి నుంచి పదో తరగతి వరకు ఎవరైనా చేయగలిగేలా కింద వివరిస్తాను. రక్తప్రసరణను, విలియం హార్వీని తీసుకుని పూర్తిగా చెప్తాను. మిగతా వ్యవస్థలకు దారి మాత్రం చూపిస్తాను.

1. ముందు జత కుదుర్చుకోండి

"శరీరంలోని అన్ని వ్యవస్థలూ" అని పెట్టుకోవద్దు. అన్నీ పెడితే దేని గురించీ లోతుగా చెప్పలేరు. ఒకే వ్యవస్థ, ఒకే శాస్త్రవేత్త. ఎంచుకునేటప్పుడు ఒక్క పరీక్ష పెట్టండి: ఆయన చేసిన పనిలో కనీసం ఒక భాగాన్ని ఇంట్లో దొరికే వస్తువులతో, ప్రమాదం లేకుండా మీరు చేయగలరా? చేయగలిగితే తీసుకోండి. లేకపోతే ఎంత గొప్ప పేరైనా పక్కన పెట్టండి. ఉదాహరణకు 1901లో రక్త గ్రూపుల సంగతి బయటపెట్టిన కార్ల్ లాండ్‌స్టైనర్ మహానుభావుడే. కానీ సూదితో వేళ్లు పొడిచి రక్తం తీసే పని స్కూలు పిల్లలు సొంతంగా చేయకూడదు. కాబట్టి ఆ అంశం మీకు కుదరదు.

హార్వీ ఈ పరీక్షలో సులభంగా నెగ్గుతాడు. ఆయన చేసిన అసలైన ప్రయోగానికి ఒక చెయ్యి, ఒక గుడ్డ, రెండు వేళ్లు చాలు.

2. ఆ రోజుల్లో ఏమనుకునేవారో తెలుసుకోండి

హార్వీ 1578లో ఇంగ్లండ్‌లో పుట్టాడు. వైద్యం చదవడానికి ఇటలీలోని పాడువాకు వెళ్లాడు. అప్పటికి యూరప్ వైద్యులు దాదాపు పధ్నాలుగు వందల ఏళ్ల కిందటి వైద్యుడు గాలెన్ చెప్పిందే నమ్ముతున్నారు. తిన్న అన్నం కాలేయంలో రక్తంగా మారుతుందని, అది సిరల గుండా ఒళ్లంతా చేరి అక్కడే ఖర్చైపోతుందని, మళ్లీ కొత్త రక్తం తయారవుతుందని గాలెన్ చెప్పాడు. వెళ్లిన రక్తం తిరిగి వస్తుందన్న ఆలోచన అందులో లేదు.

పాడువాలో హార్వీకి పాఠం చెప్పిన ఫాబ్రీషియస్ సిరల లోపల చిన్న చిన్న తలుపుల్లాంటి కవాటాలు ఉన్నాయని వర్ణించాడు. అయితే అవి రక్తం చేతుల్లోకి, కాళ్లలోకి ఒక్కసారిగా జారిపోకుండా నెమ్మది చేయడానికే అనుకున్నాడు. అవే కవాటాలను చూసి శిష్యుడు వేరే ప్రశ్న వేసుకున్నాడు: ఇవి ఏ వైపుకు తెరుచుకుంటాయి?

మీ ప్రాజెక్ట్ ప్రశ్న ఇదే కావాలి. చార్టు పైన "మానవ రక్తప్రసరణ వ్యవస్థ" అని రాసే బదులు "చేతి సిరల్లో రక్తం ఏ వైపుకు పోతుంది?" అని పెద్ద అక్షరాలతో రాయండి. వచ్చేపోయేవాళ్లు తమ చేతులు చూసుకుంటూ ఆగుతారు.

3. చేతి మీద హార్వీ ప్రయోగం

సిరలు బాగా ఉబ్బి కనిపించే చెయ్యి కావాలి. సన్నగా ఉన్న పెద్దవాళ్ల చేతులైతే మేలు. నాన్నో మామయ్యో ఒప్పుకుంటే ఇంట్లో ముందు వాళ్ల మీద చేయండి.

చెయ్యి కాసేపు కిందికి వేలాడదీయమనండి. మోచేతికి పైన ఒక చేతిరుమాలును కాస్త బిగువుగా చుట్టండి. మణికట్టు దగ్గర నాడి ఆగిపోయేంత బిగించకూడదు. ఆ తర్వాత పిడికిలి బిగించి వదలమనండి. నిమిషంలోపే ముంజేతి సిరలు పైకి తేలతాయి. వాటి మీద అక్కడక్కడా చిన్న ముడుల్లా ఉబ్బు కనిపిస్తుంది. కవాటాలు ఉండేది అక్కడే.

ఇప్పుడు ఒక ముడికి మణికట్టు వైపు కొంచెం దూరంలో, సిర మీద ఒక వేలితో నొక్కి పట్టండి. ఆ వేలు తీయకుండా, రెండో వేలితో సిరను మోచేతి వైపు నిమురుతూ ముడి దాటించండి. లోపలి రక్తం పైకి వెళ్లిపోతుంది. రెండో వేలు తీసేయండి. మొదటి వేలికీ ముడికీ మధ్య సిర చదునుగా, ఖాళీగా ఉండిపోతుంది. పైన రక్తం నిండి ఉన్నా అది కిందికి దిగదు. ఇప్పుడు మొదటి వేలు తీయండి. సిర మణికట్టు వైపు నుంచి చటుక్కున నిండుతుంది.

అంటే సిరల్లో రక్తం గుండె వైపుకే పోతుంది, వెనక్కి రాదు. హార్వీ 1628లో అచ్చు వేయించిన పుస్తకంలో ఉన్న చేతి బొమ్మలు చూపించేది ఈ ప్రయోగాన్నే. అవి గీసిన కాగితం పక్కన మీరు తీసిన ఫోన్ ఫొటోలు పెట్టండి: గుడ్డ కట్టిన చెయ్యి, ఖాళీ అయిన సిర, మళ్లీ నిండిన సిర. మూడు ఫొటోలు చాలు.

జాగ్రత్తలు మాత్రం తప్పనిసరి. గుడ్డ రెండు నిమిషాలకు మించి ఉంచవద్దు. చెయ్యి తిమ్మిరెక్కినా రంగు మారినా వెంటనే విప్పేయాలి. బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్ల మీద, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ల మీద చేయకండి. డయాలసిస్ చేయించుకునేవారి చేతికి గుడ్డ కట్టనే కూడదు. ఫెయిర్ రోజున చూడటానికి వచ్చినవాళ్ల చేతులకు కట్టవద్దు. మీ జట్టులోని వాళ్ల చెయ్యే వాడండి.

ఒకరి చేతిలో కవాటం దొరకకపోతే కంగారు పడకండి. కొందరి సిరలు లోతుగా ఉంటాయి. ముగ్గురు నలుగురి చేతులు చూస్తే ఒకరిలో తప్పక దొరుకుతుంది. ఎంతమందిలో కనిపించింది, ఎంతమందిలో కనిపించలేదు అన్నది కూడా నోట్‌బుక్‌లో రాయండి.

4. హార్వీ వేసిన లెక్కను బకెట్లతో చూపించండి

నా దృష్టిలో ఈ ప్రాజెక్ట్‌కు ప్రాణం ఇక్కడే ఉంది. హార్వీ గొప్పతనం కోసి చూడటంలో కంటే లెక్క వేయడంలో ఎక్కువ కనిపిస్తుంది. గుండె ఒక్కో దెబ్బకు చాలా కొంచెం రక్తమే బయటికి పంపుతుందని ఆయన కావాలనే తక్కువగా అనుకున్నాడు. అరగంటలో గుండె వెయ్యి సార్లకు పైగా కొట్టుకుంటుంది. రెండింటినీ గుణిస్తే అరగంటలో బయటికి వచ్చే రక్తం ఒంట్లో ఉన్న మొత్తం రక్తాన్నే మించిపోయింది. అంత రక్తాన్ని తిన్న అన్నం నుంచి ఎప్పటికప్పుడు తయారు చేయడం ఏ కాలేయానికీ సాధ్యం కాదు. కాబట్టి వెళ్లిన రక్తమే తిరిగి వస్తూ ఉండాలి.

ఇవాళ మనకు తెలిసిన అంకెలతో ఇదే లెక్క వేయండి. విశ్రాంతిగా ఉన్న పెద్దవాళ్ల గుండె ఒక్క దెబ్బకు దాదాపు 70 మి.లీ. పంపుతుంది. నిమిషానికి 72 దెబ్బలు అనుకుంటే 5,040 మి.లీ., అంటే సుమారు 5 లీటర్లు. పెద్దవాళ్ల ఒంట్లో ఉండే రక్తం కూడా దాదాపు అంతే. గంటకు 300 లీటర్లు దాటుతుంది. స్నానానికి వాడే 15 లీటర్ల బకెట్లు గంటకు ఇరవై అన్నమాట. రోజుకు 7,200 లీటర్ల పైమాటే.

ఈ అంకెలు చార్టు మీద రాసి వదిలేస్తే ఎవరూ పట్టించుకోరు. కాబట్టి చేయించి చూపించండి. కావాల్సినవి రెండు చిన్న బకెట్లు, ఒక టీ కప్పు, తుడవడానికి పాత గుడ్డ. సిరప్ సీసాతో వచ్చే 10 మి.లీ. మూతతో ఏడు సార్లు నీళ్లు పోసి, కప్పు మీద 70 మి.లీ. దగ్గర మార్కర్‌తో గీత పెట్టండి. ఒక బకెట్లో ఆరేడు లీటర్ల నీళ్లు పోయండి. ఒక నిమిషంలో 72 కప్పులు రెండో బకెట్లోకి మార్చమని చూడటానికి వచ్చినవాళ్లకు చెప్పండి. సెకనుకు ఒక కప్పు కంటే ఎక్కువే. చాలామంది సగంలోనే వెనకబడతారు, చెయ్యి నొప్పి పెడుతుంది. "మీ గుండె ఈ పని మీరు పుట్టక ముందు నుంచీ చేస్తోంది" అని అప్పుడు చెప్పండి. ఆ మాట వాళ్లకు గుర్తుండిపోతుంది.

లయ కోసం ఫోన్ యాప్ బదులు లోలకం కట్టండి. ఒక దారానికి ఇనుప నట్టు కట్టి, వేలాడదీసిన చోటు నుంచి నట్టు మధ్య వరకు దాదాపు 17 సెం.మీ. ఉండేలా చూడండి. అది పోయి వచ్చే ఊపు నిమిషానికి 72 సార్లకు దగ్గరగా ఉంటుంది. ఈ ఏర్పాటు వెనక కూడా ఒక శాస్త్రవేత్త ఉన్నాడు. పాడువాలోనే పాఠాలు చెప్పిన సాంటోరియో, సెకన్ల ముల్లు ఉన్న గడియారాలు లేని ఆ రోజుల్లో, నాడి వేగాన్ని ఇలా దారం పొడవు మార్చి కొలిచేవాడు. రోగి నాడికి ఊపు సరిపోయేవరకు దారం సర్దడం, ఆ పొడవును రాసుకోవడం ఆయన పద్ధతి.

5. పంపులతో గుండె మోడల్

తిరిగి వచ్చే ప్రసరణను కళ్లకు కట్టడానికి థర్మోకోల్ పనికిరాదు, నీళ్లు కదలాలి. హార్డ్‌వేర్ షాపులో డబ్బాలోంచి కిరోసిన్, డీజిల్ తోడుకోవడానికి ప్లాస్టిక్ చేతిపంపు అమ్ముతారు. పైన చేత్తో నొక్కే బుడ్డి ఉంటుంది. దానికి ఒక గట్టి గొట్టం, ఒక మెత్తటి గొట్టం ఉంటాయి. ఖరీదు తక్కువే. దాని లోపల రెండు కవాటాలు ఉంటాయి: ఒకటి నీటిని లోపలికి రానిస్తుంది, మరొకటి బయటికి పోనిస్తుంది, రెండూ వెనక్కి వెళ్లనివ్వవు. మన జఠరికకు (రక్తాన్ని బయటికి నెట్టే గుండె కింది గదికి) రెండు వైపులా ఉన్న ఏర్పాటు కూడా అదే. ఇలాంటివి రెండు కొనండి. కొత్తవే కొనండి, కిరోసిన్ తోడినవి వద్దు.

వెడల్పు మూతి ఉన్న రెండు లీటర్ల పారదర్శక డబ్బాలు రెండు తీసుకోండి. ఒకదాని మీద "శరీరం", రెండోదాని మీద "ఊపిరితిత్తులు" అని రాయండి. రెండింట్లోనూ లీటరు చొప్పున నీళ్లు పోసి, నీటి మట్టం దగ్గర గీత పెట్టండి. మొదటి పంపు గట్టి గొట్టం "శరీరం" డబ్బాలో మునగాలి, మెత్తటి గొట్టం "ఊపిరితిత్తులు" డబ్బాలోకి పోవాలి. ఇది కుడి జఠరిక. రెండో పంపును దానికి ఎదురు దిశలో అమర్చండి: ఊపిరితిత్తుల నుంచి శరీరానికి. ఇది ఎడమ జఠరిక.

ఇక్కడ ఒక మెలకువ ఉంది. రెండు డబ్బాలూ ఒకే ఎత్తులో ఉండాలి. నీళ్లు పడే గొట్టం కొసను డబ్బా అంచు దగ్గర, నీటి మట్టానికి పైన టేప్‌తో అంటించాలి. కొస నీళ్లలో మునిగినా కిందికి జారినా మీరు నొక్కకుండానే నీళ్లు వాటంతటవే పారిపోతుంటాయి. పంపు నెత్తిన గాలి వదిలే చిన్న బిరడా ఉంటే గట్టిగా బిగించండి, లేకపోతే నీళ్లు ఎక్కవు.

రెండు బుడ్డులనూ ఒకేసారి నొక్కి వదులుతూ ఉండండి. నీళ్లు తిరుగుతూనే ఉంటాయి, మట్టాలు దాదాపు గీతల దగ్గరే నిలుస్తాయి. రెండు పంపులూ సరిగ్గా సమానంగా తోడకపోవచ్చు, ముందే ఇంట్లో సరిచూసుకోండి. తర్వాత ఎడమ జఠరికను నొక్కడం ఆపి, కుడిదాన్ని మాత్రమే నొక్కండి. ఊపిరితిత్తుల డబ్బాలో నీళ్లు పెరుగుతాయి. గుండె ఎడమ భాగం బలహీనపడిన రోగులకు ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం రావడం వెనక ఉన్న కారణం ఇదే. ఎవరి ఇంట్లోనైనా అలాంటి పెద్దవాళ్లు ఉంటే, డాక్టర్ చెప్పిన మాట మీ బల్ల దగ్గర వాళ్లకు అర్థమవుతుంది. ఇంత చిన్న మోడల్ అంత పెద్ద విషయం చెప్పగలగడం నాకు ఎంతో ఇష్టం.

రంగు సంగతి. నీటిలో ఎరుపు రంగే కలపండి, ఒక వైపు నీలం, ఒక వైపు ఎరుపు పెట్టవద్దు. మొదటిసారి నొక్కగానే రెండూ కలిసి ఊదా రంగు అయిపోతాయి. పైగా మన రక్తం ఎప్పుడూ నీలంగా ఉండదు. ఆక్సిజన్ ఎక్కువ ఉన్నప్పుడు మెరిసే ఎరుపు, తగ్గినప్పుడు ముదురు ఎరుపు. పుస్తకాల్లో నీలం వేసేది తేడా తెలియడానికి మాత్రమే. ఆ తేడా కావాలంటే గొట్టాల చుట్టూ రంగు టేపులు చుట్టి, "నీలం గుర్తు కోసమే" అని పక్కన రాయండి.

6. వినడం, లెక్కపెట్టడం

ఈ మెట్టు చిన్నదే. 1816లో ప్యారిస్‌లోని నెకర్ ఆసుపత్రిలో రెనె లెనెక్ అనే వైద్యుడి దగ్గరకు గుండె బాధతో ఒక యువతి వచ్చింది. ఆ రోజుల్లో గుండె చప్పుడు వినాలంటే రోగి ఛాతీకి చెవి ఆనించేవారు. అలా చేయడం మర్యాద కాదనిపించి ఆయన కొన్ని కాగితాలను గొట్టంలా చుట్టి విన్నాడు. చెవి ఆనిస్తే వినిపించే దానికంటే స్పష్టంగా వినిపించింది. ఆ తర్వాత చెక్కతో చేయించుకున్నాడు. స్టెతస్కోప్ అలా పుట్టింది.

మీరూ పాత నోట్‌బుక్ కాగితాలను మూడు సెం.మీ. వెడల్పున్న గొట్టంలా బిగువుగా చుట్టి టేప్ వేయండి. రెండోది గరాటు, రబ్బరు గొట్టంతో చేయండి. గరాటు మూతికి బెలూన్ ముక్క బిగించి కూడా చూడండి. ఏది ఎక్కువ స్పష్టమో మీ క్లాసులో పదిమందిని అడిగి రాయండి. "లబ్" అన్న మొదటి చప్పుడు కర్ణికలకు (గుండె పై గదులకు), జఠరికలకు మధ్య కవాటాలు మూసుకున్నప్పుడు, "డబ్" అన్న రెండోది ధమనుల మొదట్లో ఉన్న కవాటాలు మూసుకున్నప్పుడు వస్తుంది. ఫెయిర్ హాల్లో గోలకు ఇవి వినిపించవు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో ముందే చేసి ఫలితాలు రాసుకు వెళ్లండి.

నాడి కొలవడానికి బొటనవేలు వాడకండి, దానికి సొంత నాడి తెలుస్తుంటుంది. చూపుడువేలు, మధ్యవేలు మణికట్టు మీద పెట్టి 30 సెకన్లు లెక్కపెట్టి రెండుతో గుణించండి. ఐదు నిమిషాలు కూర్చున్నాక ఒకసారి, నిమిషం తాడాట ఆడాక వెంటనే ఒకసారి, ఆ తర్వాత ఒక్కో నిమిషం తేడాతో మూడు సార్లు. పదిమంది లెక్కలు పట్టికలో వేసి, గ్రాఫ్ గీయండి. ఆయాసం, ఉబ్బసం, గుండె సమస్య ఉన్నవాళ్లను ఆడించవద్దు. ఒకరి అంకె మిగతావాళ్లకు దూరంగా వచ్చినా మార్చకండి. "ఈ అంకె ఎందుకిలా వచ్చింది?" అని అడిగే జడ్జి దొరికితే అది మీకు మంచిదే, మీరు నిజంగా కొలిచారని ఆయనకు అర్థమవుతుంది.

7. మీకు వేరే వ్యవస్థ నచ్చితే

శ్వాస వ్యవస్థ తీసుకుంటే, సీసాలో బెలూన్లు పెట్టి ఊపిరితిత్తులు చూపించే మోడల్ అందరూ చేస్తారు. దానికి జాన్ హచిన్సన్‌ను జత చేయండి. ఆయన 1840ల్లో లండన్‌లో స్పైరోమీటర్ తయారు చేసి, రెండు వేల మందికి పైగా ఊపిరి కొలిచాడు. పొడవు పెరిగే కొద్దీ ఊపిరితిత్తులు వదలగలిగే గాలి కూడా పెరుగుతుందని కనిపెట్టాడు. మీ క్లాసులో సరిచూడొచ్చు. ఐదు లీటర్ల క్యాన్ నిండా నీళ్లు పోసి, నీళ్ల టబ్‌లో తలకిందులుగా పట్టుకోండి. మూతి కింద నుంచి గొట్టం పెట్టి, గుండె నిండా గాలి పీల్చి ఒక్క ఊపిరిలో ఊదాలి. తర్వాత నీళ్లలో ఉండగానే మూత పెట్టి, క్యాన్‌ను పైకి తీసి, మళ్లీ నింపడానికి ఎన్ని మి.లీ. నీళ్లు పట్టాయో కొలవండి. వదిలిన గాలి అంత. ప్రతి ఒక్కరికీ గొట్టం కొస వేరుగా ఉండాలి. అడ్డంగా ఎత్తు, నిలువుగా లీటర్లు వేసి గ్రాఫ్ గీస్తే చుక్కలు మొత్తం మీద పైకి పోతాయి, అన్నీ ఒకే గీత మీద పడవు. అది సహజం.

జీర్ణవ్యవస్థకు గంజి, లాలాజలం, టింక్చర్ అయోడిన్ చాలు. రెండు గాజు గొట్టాల్లో పలచటి గంజి పోసి, ఒకదానిలో మీ సొంత లాలాజలం కలిపి, రెండింటినీ గోరువెచ్చటి నీటిలో ఉంచండి. కొన్ని నిమిషాలకోసారి ఒక్కో చుక్క తెల్ల పళ్లెం మీద వేసి అయోడిన్ తాకించండి. లాలాజలం ఉన్న గంజిలో నీలి నలుపు రంగు క్రమంగా తగ్గిపోతుంది. దీనికి జతగా విలియం బోమాంట్ ఉన్నాడు. 1822లో అమెరికాలో తుపాకీ దెబ్బ తిన్న అలెక్సిస్ సెయింట్ మార్టిన్‌కు పొట్టలో రంధ్రం మూసుకోకుండా ఉండిపోయింది. బోమాంట్ పట్టుదారానికి ఆహారం ముక్కలు కట్టి ఆ రంధ్రంలోకి దించి, ఎంతసేపటికి అరిగాయో చూసి 1833లో పుస్తకం వేశాడు. సెయింట్ మార్టిన్ పేదవాడు, ఆ ప్రయోగాలు ఆయనకు ఎంతో ఇబ్బంది కలిగించాయి. ఆ మాట కూడా చార్టు మీద ఉండాలి. అయితే బోమాంట్ చూసింది జీర్ణాశయాన్ని, మీరు చూసేది నోటిని. ఈ తేడా స్పష్టంగా రాయండి.

కండరాల వ్యవస్థ తీసుకునేవాళ్లకు మన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నాడు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1920ల మొదట్లో అమెరికాలోని బోస్టన్ చేరాడు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి శరీర ద్రవాల్లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించాడు. ఆ పద్ధతితోనే కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఆ తర్వాత కణాలకు శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థాన్ని గుర్తించారు. ఏటీపీని ఆయన ఒక్కడే కనిపెట్టాడని చార్టుల మీద రాస్తుంటారు. 1929లో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనిపెట్టాడు. రెండు పేర్లూ రాయండి, సుబ్బారావు గొప్పతనం దీనివల్ల రవ్వంత కూడా తగ్గదు. తర్వాత ఆయన నడిపించిన బృందం నుంచే బోదకాలుకు డైఇథైల్ కార్బమజీన్ మందు వచ్చింది. బోదకాలు నివారణకు ఊళ్లలో పంచే డీఈసీ మాత్ర అదే. మీ అమ్మమ్మో మీరో మింగిన మాత్ర వెనక ఆయన ఉన్నాడు. ఈ ఒక్క వాక్యం పుట్టిన తేదీ కంటే ఎంతో విలువైనది.

ప్రయోగానికి బట్టలకు పెట్టే క్లిప్పు ఒకటి చాలు. బొటనవేలు, చూపుడువేలితో 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా తెరవగలరో లెక్కపెట్టండి. పది సెకన్లు ఆగి మళ్లీ, ఇలా ఆరు సార్లు. ఇంకో రోజు మధ్యలో రెండు నిమిషాల విరామంతో చేయండి. రెండు గ్రాఫులు పక్కపక్కన పెట్టండి. వేగంగా పనిచేసే మొదటి కొన్ని సెకన్లలో కండరానికి ఆసరా ఇచ్చేది ఫాస్ఫోక్రియాటిన్. విశ్రాంతిలో అది మళ్లీ నిండుతుంది. కానీ "ఏటీపీ అయిపోయింది కాబట్టి వేళ్లు ఆగాయి" అని రాయకండి. కండరం అలసిపోయినా ఏటీపీ పూర్తిగా ఖాళీ కాదు, అలసటకు వేరే కారణాలూ ఉంటాయి.

హైదరాబాద్ పిల్లలకు ఇంకో దారి ఉంది. మలేరియా దోమ ద్వారా వస్తుందని తేల్చిన రోనాల్డ్ రాస్, అనాఫిలిస్ దోమ కడుపులో ఆ పరాన్నజీవిని చూసింది 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లోనే. ఆయన పేరు పెట్టిన భవనం బేగంపేటలో ఉంది. రక్తం గురించి ప్రాజెక్ట్ చేసేవాళ్లు ఆ భవనం ముందు దిగిన ఫొటో పెట్టుకోవచ్చు.

8. శాస్త్రవేత్త గురించి నాలుగే విషయాలు రాయండి

జీవిత చరిత్ర వద్దు. ఆయనకు ముందు ఏమనుకునేవారు, ఆయన ఏం చేసి చూశాడు, ఆయన ఏం చూడలేకపోయాడు, ఆ ఖాళీని ఎవరు నింపారు. హార్వీకైతే మొదటి రెండూ పైన చెప్పాను. ధమనుల్లోని రక్తం సిరల్లోకి ఏ దారిన చేరుతుందో ఆయన చూడలేకపోయాడు. దారి ఉండి తీరాలని లెక్క చెప్పింది, కంటికి మాత్రం కనిపించలేదు. 1657లో ఆయన పోయాడు. 1661లో మార్సెల్లో మాల్పీజీ సూక్ష్మదర్శినితో కప్ప ఊపిరితిత్తుల్లో సన్నటి రక్తకేశనాళికలను చూశాడు. గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్లి వచ్చే ప్రసరణను అంతకు ఎంతో ముందే, 13వ శతాబ్దంలో కైరో వైద్యుడు ఇబ్న్ అల్ నఫీస్ రాశాడని కూడా ఒక మాట చేర్చండి.

గుండె బొమ్మ గీసేటప్పుడు కుడి ఎడమలు తారుమారు కానివ్వకండి. బొమ్మలోని వ్యక్తి మనకు ఎదురుగా ఉంటాడు కాబట్టి ఆయన ఎడమ జఠరిక మన కుడిచేతి వైపు వస్తుంది. జడ్జిలు ఎక్కువగా పట్టుకునే తప్పు ఇదే.

మొదటి రోజు నుంచి రాసిన చిత్తు నోట్‌బుక్‌ను బల్ల మీద పెట్టండి. కొట్టివేతలు, నీళ్లు పడ్డ మరకలు ఉన్నా ఫర్వాలేదు, దాన్ని నీటుగా మళ్లీ రాయాల్సిన పని లేదు. అమ్మానాన్నలకు ఒక మనవి: గొట్టాలు బిగించడంలో, కత్తెర పనిలో సాయం చేయండి, కానీ అంకెలు పిల్లల చేతిరాతలోనే ఉండనివ్వండి.

9. ఫెయిర్ రోజున

"గుడ్ మార్నింగ్ సార్, మై ప్రాజెక్ట్ ఈజ్" అని బట్టీ పట్టింది అప్పగించడంతో మొదలుపెట్టకండి. కప్పు చేతికిచ్చి నీళ్లు మార్చమనండి, లేదా మీ జట్టులో ఒకరి చెయ్యి చూపించి సిర ఖాళీ చేయండి. మాటలు ఆ తర్వాత వాటంతటవే వస్తాయి. ఇంగ్లిష్ మీడియం అయినా, టెన్షన్‌లో మాట తడబడితే తెలుగులోకి మారిపోండి. అర్థం చేసుకుని చెప్పే మాటకు ఏ భాషలోనైనా విలువ ఉంటుంది.

"మీ మోడల్‌లో లోపం ఏమిటి?" అని తప్పకుండా అడుగుతారు. సిద్ధంగా ఉండండి. ఇందులో కర్ణికలు లేవు. రక్తకేశనాళికలు లేవు, రక్తం అసలు పని జరిగేది అక్కడే. నిజం గుండెలో కండరమే తనంతట తాను ముడుచుకుంటుంది, ఇక్కడ మీ చెయ్యి నొక్కుతోంది. మన ధమనులు సాగుతాయి, ఈ గొట్టాలు సాగవు. ఈ నాలుగూ చెప్పండి. తెలియనిది అడిగితే "తెలియదు సార్, కనుక్కుంటాను" అని నోట్‌బుక్‌లో ఆ ప్రశ్నను అక్కడికక్కడే రాసుకోండి.

సంచిలో ఉండాల్సినవి: అదనపు గొట్టం ముక్క, టేపు, కత్తెర, రెండు పాత తువ్వాళ్లు, ఎరుపు రంగు, మార్కర్, ఐదు లీటర్ల నీళ్లు, బల్ల మీద పరచడానికి ప్లాస్టిక్ షీటు. కరెంటు ప్లగ్గులకు దూరంగా ఉన్న బల్ల ఇమ్మని సైన్స్ టీచర్‌ను ముందు రోజే అడగండి. డబ్బాలను ఖాళీగా తీసుకెళ్లి, అక్కడే నింపి, పది నిమిషాలు పంపులు నొక్కి చూసుకోండి.